పేరు చెప్పే జన్యువు, చుట్టరికం చెప్పే జన్యువులు

(బెంగళూరులో తెలుగు విద్యార్థులు, కీటకాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం. చివర్లో ఉన్నవి సభికులు అడిగిన ప్రశ్నలు.)

అందరికీ నమస్కారం.

మాత్‌ల పేర్లు, చుట్టరికాలు డీఎన్ఏతో ఎలా తేలుస్తారో ఈ పూట మాట్లాడుకుందాం. ముందు పేరు సంగతి తేల్చుకుందాం. మాత్‌కి తెలుగులో అందరూ ఒప్పుకునే ఒక్క పేరు లేదు. ఇళ్లలో దీపపు పురుగు అంటాం. పొలంలో తల్లి రెక్కల పురుగు అంటారు, దాని పిల్లని లద్దె పురుగనీ గొంగళి పురుగనీ అంటారు. పద్యాల్లో దీపంలో పడి మాడిపోయేది శలభం. నిఘంటువులు చిమ్మట అని రాస్తాయి గానీ, కొన్ని ఊళ్లలో చిమ్మట అంటే రాత్రంతా రొద పెట్టే ఇంకో పురుగు. అందుకని ఈ పూట మాత్ అనే అనుకుందాం.

పొలుసుల రెక్కలున్న పురుగుల్లో ఇంతవరకు పేరు పెట్టినవి సుమారు 1,60,000 జాతులు. అందులో సీతాకోకచిలుకలు 18,000 పైచిలుకు. మిగతావన్నీ మాత్‌లే. మన దేశంలోనే 10,000కు పైగా ఉన్నాయి. వీటిలో ఎవరికి ఎవరు చుట్టం అన్నది రెండు వందల ఏళ్లుగా రెక్కల ఈనెలు చూసి, చెవులు చూసి, గొంగళి మీది వెంట్రుకలు చూసి, మగదాని జననాంగాల ఆకారం చూసి తేలుస్తూ వచ్చారు. అది గొప్ప పని, ఇప్పటికీ అది లేకుండా గడవదు. అయితే ఒకే రకం బతుకు బతికే పురుగులు ఒకే రకంగా కనిపించడం మొదలుపెడతాయి. చెట్టు బెరడు మీద కూర్చునేవన్నీ బెరడు రంగే. ఒకే ఇంటిపేరున్న వాళ్లంతా దాయాదులు కారని మనకి తెలుసు కదా, ఇదీ అంతే.

అనంతపురం వాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. వేరుశనగ మీద ఎర్ర గొంగళి పురుగు మీకు కొత్త కాదు. తొలకరి వాన పడగానే నేలలోంచి దాని తల్లి పురుగులు లేస్తాయి. పాత పుస్తకాల్లో దాని కుటుంబం ఆర్క్‌టైడే. ఒళ్లంతా వెంట్రుకలు, రంగురంగుల రెక్కలు, అంతా ఒక సొంత కుటుంబమనే అనుకున్నారు. ఎనిమిది జన్యువులు కలిపి చూసిన అధ్యయనాలు 2011, 2012లో వచ్చాయి. ఆ కుటుంబం మొత్తం ఇంకో పెద్ద కుటుంబంలో ఒక కొమ్మ అని తేలింది. ఆ పెద్ద కుటుంబం ఎరెబిడే. లైమాంట్రిడే అనే ఇంకో వెంట్రుకల గొంగళ్ల కుటుంబం కూడా అందులోకే వెళ్లింది. ఇప్పుడు రెండూ ఉపకుటుంబాలు. కాబట్టి మీ చేతిలో పాత పుస్తకం ఉంటే ఈ రెండు పేర్లనీ పెన్సిల్‌తో దిద్దుకోండి.

ఈ పూట నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒకటే. పురుగు పేరు తెలుసుకోవడం ఒక పని, చుట్టరికం తెలుసుకోవడం ఇంకో పని. మొదటిదానికి ఒక్క జన్యువు చాలాసార్లు సరిపోతుంది. రెండోదానికి సరిపోదు. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే విద్యార్థుల థీసిస్‌లలో సగం తప్పులు వస్తున్నాయని నా నమ్మకం.

పేరు చెప్పే జన్యువు సీఓఐ. ఇది కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉంటుంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ బృందం 2003లో ఈ జన్యువు మొదటి భాగాన్ని జంతువులన్నిటికీ బార్‌కోడ్‌గా, అంటే జాతిని పట్టిచ్చే గుర్తుగా వాడొచ్చని ప్రతిపాదించింది. ఆ ముక్క పొడవు 658 డీఎన్ఏ అక్షరాలు. దాన్ని ఎత్తుకోవడానికి పురుగు కాలు ఒక్కటి చాలు. అసలు పనంతా ఆ కాలు దగ్గరే మొదలవుతుంది, అందుకని అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

తెల్లగుడ్డ కట్టి, ముందు అతినీలలోహిత లైటు గానీ మెర్క్యురీ బల్బు గానీ పెట్టి పురుగుల్ని రప్పిస్తారు. అమావాస్య దరిదాపుల్లో, గాలి లేని, ఉక్కగా ఉన్న రాత్రి బాగా వస్తాయి. వచ్చినదాన్ని చంపడానికి ఇథైల్ అసిటేట్ సీసా వాడకండి, అది డీఎన్ఏని పాడుచేస్తుంది. డబ్బీలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచడం మేలు. మొత్తం పురుగుని ఆల్కహాల్‌లో ముంచకండి. రెక్కల మీది పొలుసులు రాలి, మచ్చలు చెరిగి, రేపు అది ఏ పురుగో ఎవరూ చెప్పలేని స్థితికి వస్తుంది. పురుగుని సూది గుచ్చి, రెక్కలు పరచి ఆరబెట్టండి. కాలు మాత్రం తీసి విడిగా ఆల్కహాల్‌లో ఉంచండి.

గన్నేరు హాక్ మాత్ ఉందనుకోండి, ఆకుపచ్చ రెక్కల మీద గులాబీ చారలతో బెంగళూరు తోటల్లో కనిపించేది. కుడివైపు మధ్య కాలు తీయండి. ఎడమవైపు కాళ్లు అన్నీ మిగలాలి, రేపు ఎవరైనా పోల్చి చూసుకోవాలంటే కావాలి. ఫోర్సెప్స్ మొనని స్పిరిట్ దీపం మంటలో చూపించి, చల్లారనిచ్చి, కాలు ఒంటికి అతికే చోట పట్టి మెల్లగా లాగండి. తొడ భాగంలో కండ ఉంటుంది, డీఎన్ఏ అక్కడే. పాదం ముక్క ఒక్కటే ఊడివస్తే లాభం లేదు. ఒక పురుగు అయ్యాక ఫోర్సెప్స్ మళ్లీ కాల్చాలి. ఈ ఒక్క అడుగు మానేస్తే రెండో పురుగు ట్యూబులో మొదటి పురుగు డీఎన్ఏ చేరుతుంది, తర్వాత నెలరోజులు తల బాదుకున్నా అర్థం కాదు.

ఆల్కహాల్ 95 శాతం పైన ఉండాలి. మందుల షాపులో దొరికే కొన్ని స్పిరిట్లలో, శానిటైజర్‌లో నీళ్లు ఎక్కువ. నీళ్లున్న చోట ఎంజైములు డీఎన్ఏని ముక్కలు చేస్తూనే ఉంటాయి. ట్యూబు మీద పెన్నుతో నంబరు రాస్తే ఆల్కహాల్ తగిలి చెరిగిపోతుంది. చిన్న కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి ట్యూబు లోపలే వేయండి. అదే నంబరు సూది గుచ్చిన పురుగు కింద కూడా ఉండాలి. ఆ పురుగు లేకుండా డీఎన్ఏ ఒక్కటే ఉంటే, రేపు పేరు మీద అనుమానం వచ్చినప్పుడు తిరిగి చూసుకునేది ఏముంటుంది? ట్యూబుల్ని మైనస్ 20 డిగ్రీల్లో పెట్టండి.

డీఎన్ఏ తీయడానికి కాలమ్‌తో, అంటే డీఎన్ఏని పట్టి ఉంచే చిన్న వడపోత గొట్టంతో వచ్చే కిట్లు అందరూ వాడేవే. ఆల్కహాల్ ఆరిపోయాక కాలుని చిన్న ముక్కలు చేసి, కణాల్ని పగలగొట్టే లైసిస్ ద్రవం 180 మైక్రోలీటర్లలో వేసి, ప్రోటీన్‌ని కరిగించే ఎంజైము ప్రోటీనేజ్-కె 20 మైక్రోలీటర్లు కలిపి, 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. రెండు మూడు గంటల్లో తీసేస్తే కండ సగమే కరుగుతుంది. తర్వాత కిట్‌లో చెప్పినట్టు కాలమ్‌లో పోసి, రెండుసార్లు కడిగి, చివర్లో డీఎన్ఏని 50 మైక్రోలీటర్లలో దించండి. పుస్తకంలో 200 అని ఉంటే ఒక్క కాలుకి అది చాలా పలచన. రెండో కడుగు తర్వాత కాలమ్‌ని ఖాళీగా ఇంకోసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం మరవకండి. లోపల ఆల్కహాల్ మిగిలితే పీసీఆర్, అంటే కావలసిన డీఎన్ఏ ముక్కని కోట్ల కాపీలు చేసే పని, ఆగిపోతుంది.

పీసీఆర్ మొత్తం 25 మైక్రోలీటర్లు: రెండింతల బలం ఉన్న మాస్టర్ మిక్స్ (కాపీ చేసే ఎంజైము, అక్షరాలు కలిపిన ద్రవం) 12.5, రెండు ప్రైమర్లు 10 మైక్రోమోలార్ బలంతో ఒక్కొక్కటి 1, డీఎన్ఏ 2, నీళ్లు 8.5. ప్రైమర్లంటే కాపీ ఎక్కడ మొదలవ్వాలో పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు. ఇక్కడ లెప్-ఎఫ్1, లెప్-ఆర్1. పేరులోనే ఉంది, ఇవి ఈ వర్గం కోసం తయారుచేసినవి. మొదట 94 డిగ్రీలు ఒక నిమిషం. తర్వాత 94 దగ్గర 40 సెకన్లు, 45 దగ్గర 40 సెకన్లు, 72 దగ్గర ఒక నిమిషం, ఇలా ఐదు చుట్లు. ఆ తర్వాత 45 స్థానంలో 51 పెట్టి 35 చుట్లు. చివర 72 దగ్గర ఐదు నిమిషాలు. మొదటి ఐదు చుట్లు 45 ఎందుకంటే, ప్రైమర్ ప్రతి జాతికీ అక్షరం అక్షరం సరిపోదు. చల్లగా ఉంటే కొంచెం తేడా ఉన్నా అతుక్కుంటుంది. ఒకసారి కాపీలు తయారయ్యాక వాటి చివర్లో ప్రైమర్ అక్షరాలే ఉంటాయి కాబట్టి ఇక 51లో గట్టిగా పట్టుకుంటుంది. డీఎన్ఏకి బదులు నీళ్లు వేసిన ట్యూబు ఒకటి ప్రతిసారీ ఉండి తీరాలి. డీఎన్ఏ ముక్కల్ని పొడవుని బట్టి విడదీసే జెల్‌లో 700 అక్షరాల దగ్గర ఒక్క గీత రావాలి. నీళ్ల ట్యూబులోనూ ఆ గీత వస్తే ఆ రోజు పని మొత్తం పారబోయండి. ఒకటి రెండు నమూనాలు మంచివేమోనని ఏరుకోవద్దు.

సీక్వెన్స్ వచ్చాక చాలామంది నేరుగా డేటాబేస్‌లో వెతుకుతారు. కంప్యూటర్ ఏదో ఒక పేరు చూపిస్తుంది, సంతోషపడిపోతారు. ఆగండి. ముందు దాన్ని ప్రోటీన్‌గా మార్చి చూడండి. బార్‌కోడ్ ముక్కలో మొదటి అక్షరాన్ని వదిలేసి రెండో అక్షరం నుంచి మూడేసి చొప్పున చదవాలి. 657 అక్షరాలు, 219 అమైనో ఆమ్లాలు. ఏ మూడక్షరాలకి ఏ అమైనో ఆమ్లమో చెప్పే పట్టికల్లో అకశేరుక మైటోకాండ్రియా పట్టిక ఎంచుకోండి, చాలా సాఫ్ట్‌వేర్లలో అది 5వ నంబరు. మామూలు పట్టికతో చదివితే టీజీఏ దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి మైటోకాండ్రియాలో టీజీఏ అంటే ట్రిప్టోఫాన్. సరైన పట్టికతో చదివినా మధ్యలో ఆగిందంటే, లేక మూడుతో భాగం పోని సంఖ్యలో అక్షరాలు ఎక్కువో తక్కువో అయ్యాయంటే, మీరు ఎత్తుకున్నది అసలు జన్యువు కాకపోవచ్చు. మైటోకాండ్రియా ముక్కలు ఎప్పుడో కేంద్రకంలోని క్రోమోజోముల్లోకి చేరి, పని లేకుండా పడి ఉంటాయి. వాటిని న్యూమ్ట్‌లు అంటారు. అసలుతో పాటు అదీ కాపీ అయితే సీక్వెన్స్ బొమ్మలో ఒకే చోట రెండు శిఖరాలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. ఆ బొమ్మని కళ్లతో చూడకుండా అక్షరాల ఫైలు ఒక్కటే తీసుకునేవాళ్లకి ఇది ఎప్పటికీ తెలియదు.

గొంగళి నుంచి డీఎన్ఏ తీస్తే ఇంకో ప్రమాదం. లోపల పరాన్నజీవి కందిరీగ పిల్ల ఉంటే దాని బార్‌కోడే రావచ్చు. అప్పుడు డేటాబేస్ మాత్ పేరు కాకుండా కందిరీగ పేరు చూపిస్తుంది. అది యంత్రం తప్పు కాదు, ఆ గొంగళి గురించి మీకు దొరికిన సమాచారం.

ఇక జాతుల మధ్య బార్‌కోడ్ తేడా. ఒకే జాతిలో సాధారణంగా ఒక శాతం లోపు, వేరు జాతుల మధ్య రెండు మూడు శాతం, ఆ పైన. ఇది ఒక అంచనా, చట్టం కాదు. వోల్బాకియా అనే బాక్టీరియా చాలా మాత్‌ల కణాల్లో ఉంటుంది. అది తల్లి నుంచే పిల్లలకి వస్తుంది, మైటోకాండ్రియా కూడా తల్లి నుంచే వస్తుంది. బాక్టీరియా ఒక జాతిలో పాకిపోతే, దాన్ని మోస్తున్న తల్లుల మైటోకాండ్రియా కూడా వెంట పాకుతుంది. సంకరం జరిగితే పక్క జాతిలోకి కూడా దాటుతుంది. అప్పుడు రెండు వేరు జాతులకి ఒకే బార్‌కోడ్ ఉంటుంది. మాత్‌లలో ఆడవాటికి జడ్, డబ్ల్యూ క్రోమోజోములు, మగవాటికి రెండూ జడ్. అంటే డబ్ల్యూ కూడా తల్లి నుంచి కూతురికే వెళుతుంది. మైటోకాండ్రియా చెప్పే కబురంతా తల్లి వైపుదే, తండ్రి వైపు ఏం జరిగిందో దానికి తెలియదు.

దీనికి మన పొలంలోనే ఉదాహరణ ఉంది. కత్తెర పురుగు. 2018లో కర్ణాటకలో మొక్కజొన్న మీద మన దేశంలో మొదటిసారి కనిపించి, తర్వాత ఆంధ్ర, తెలంగాణ పొలాల్లోకి వచ్చింది. దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు. అక్కడ దీనికి రెండు రకాలు, మొక్కజొన్న రకం, వరి రకం. చూడ్డానికి తేడా ఉండదు, జన్యువుల్లో ఉంటుంది. మన దేశపు నమూనాల్లో సీఓఐ చూస్తే ఎక్కువ భాగం వరి రకం అని వచ్చింది. జడ్ క్రోమోజోము మీద ఉన్న టీపీఐ అనే జన్యువు చూస్తే మొక్కజొన్న రకం అని వచ్చింది. సీఓఐ ఒక్కటే నమ్మిన వాళ్లు వరి రైతులని భయపెట్టి ఉండేవాళ్లు. జరిగిందేమిటంటే, ఆ రెండు రకాలూ ఎక్కడో కలిశాయి. తల్లి వైపు గుర్తు ఒకటి, కేంద్రకంలో గుర్తు ఇంకొకటి మిగిలాయి. పొలంలో అది పట్టుకున్నది మొక్కజొన్ననే.

అందుకని చుట్టరికం కావాలంటే కేంద్రకంలోని జన్యువులు కావాలి. ఈఎఫ్-1 ఆల్ఫా, వింగ్‌లెస్, సీఏడీ, ఆర్‌పీఎస్5 లాంటివి ఐదారు జన్యువులతో మొదలుపెట్టి, 2013 నాటికి 483 జాతులకి 19 జన్యువుల దాకా వెళ్లారు. ఇప్పుడు వందలు, వేలు.

ఒక జన్యువు చెట్టు, జాతుల చెట్టు ఒకటే ఎందుకు కావో చెప్పడానికి మనింటి ఉదాహరణ సరిపోతుంది. అమ్మమ్మ దగ్గర రెండు రకాల నగలు, కాసుల పేరు, గుండ్ల గొలుసు, చాలానే ఉన్నాయనుకోండి. ముగ్గురు కూతుళ్లకీ రెండు రకాలూ కొన్ని కొన్ని వెళ్లాయి. వాళ్ల పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఒకరికి ఒక రకమే మిగిలింది. కాసుల పేరు ఉన్నవాళ్లంతా ఒక తల్లి బిడ్డలు అని ఎవరైనా రాస్తే తప్పే కదా. వేరు వేరు జన్యువులు వేరు వేరు చెట్లు చెబితే అందులో ఒకటి చెడ్డదని పారేయకూడదు. అన్నిటినీ కలిపి ఏ చుట్టరికం ఎక్కువ జన్యువులకి పొసుగుతుందో లెక్కించే పద్ధతులున్నాయి, ఆస్ట్రల్ అలాంటిదే.

జన్యువులు ఎక్కువైతే అంతా తేలిపోతుందనుకోవడం కూడా పొరపాటే. పట్టుపురుగు బాంబిసిడే, మన మద్ది చెట్ల మీది దసలి పట్టుపురుగు సాటర్నిడే, ఇందాకటి గన్నేరు మాత్ స్ఫింజిడే. మూడూ దగ్గరి కుటుంబాలే. మూడింటిలో ఏ రెండు అక్కాచెల్లెళ్లు? 2013లో 19 జాతులకి 938 జన్యువులు పెట్టి చూశారు. జన్యువులో ప్రతి మూడో అక్షరం ప్రోటీన్‌ని అంతగా మార్చదు కాబట్టి త్వరగా మారిపోతుంది. ఎన్నిసార్లు మారిందంటే, తొలి గుర్తు మీద మలి గుర్తు పడి అసలుది చెరిగిపోయింది. ఆ మూడో అక్షరాలు ఉంచితే ఒక చెట్టు, తీసేస్తే ఇంకో చెట్టు. రెండింటికీ గట్టి మద్దతు అంకెలు, అంటే కొమ్మ ఎంత బలమైనదో నూటికి చెప్పే అంకెలు! కాబట్టి కొమ్మ మీద 100 అని ఉంటే పొంగిపోకండి. అన్ని అక్షరాలతో ఒకసారి, మూడో అక్షరాలు తీసి ఒకసారి, ప్రోటీన్‌గా మార్చి ఒకసారి చెట్టు కట్టండి. మూడుసార్లూ నిలిచిన కొమ్మనే నమ్మండి.

చెట్టు కట్టడం దగ్గర నాలుగు మాటలు. అక్షరాల్ని వరసగా పేర్చడానికి మాఫ్ట్, చెట్టుకి ఐక్యూ-ట్రీ చాలు, రెండూ ఉచితం. అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ (అక్షరాల్ని మళ్లీ మళ్లీ ఏరి చెట్టు కట్టి, కొమ్మ ఎన్నిసార్లు నిలుస్తుందో చూసే పరీక్ష) వెయ్యిసార్లు చేయండి, అందులో 95 దాటితేనే బలమైన కొమ్మ. పాత పద్ధతి బూట్‌స్ట్రాప్‌లో 70ని మంచిదనేవారు, ఆ రెండు అంకెల్నీ కలపకండి. చెట్టు మొదలు ఎక్కడో తెలియాలంటే బయటి చుట్టం ఒకటి కావాలి. మాత్‌ల వర్గం మొత్తానికి ఆ చుట్టం ట్రైకాప్టెరా, పిల్ల దశలో నీళ్లలో గూడు కట్టుకునే కాడిస్ పురుగులు. మీరు ఒక చిన్న ప్రజాతి మీద పని చేస్తుంటే మాత్రం కాడిస్ పురుగుని తెచ్చి పెట్టకండి, అది మరీ దూరం. పక్క ప్రజాతి నుంచి రెండు మూడు జాతులు తీసుకోండి. పొడవాటి ఒంటరి కొమ్మలు రెండు ఉంటే అవి చుట్టాలు కాకపోయినా ఒకదానికొకటి అతుక్కుంటాయి. దానికి మందు జన్యువులు పెంచడం కాదు, ఆ కొమ్మల మధ్యలో పడే జాతుల్ని వెతికి తేవడం. నంది కొండల మీదో మన నల్లమలలోనో దొరికే ఒక్క అరుదైన జాతి అక్కడ వెయ్యి జన్యువుల పెట్టు చేస్తుంది.

2019లో 186 జాతులు, 2,098 జన్యువులతో వచ్చిన చెట్టు ఇప్పుడు అందరూ మొదట చూసే చెట్టు. దాని లెక్కలో ఈ వర్గం మూలాలు సుమారు 30 కోట్ల ఏళ్ల నాటివి. తేనె పీల్చే తొండం 24 కోట్ల ఏళ్ల కిందట, సీతాకోకచిలుకలు 10 కోట్ల ఏళ్లకి కొంచెం ఇవతల. సీతాకోకచిలుకలు మాత్‌లకి ఎదురు వర్గం కాదు, మాత్‌ల చెట్టులోనే ఒక కొమ్మ. పగలు ఎగరడం నేర్చిన మాత్‌లన్నమాట. అమెరికా ఉష్ణమండలంలో హెడిలిడే అని రాత్రి తిరిగే బూడిదరంగు పురుగులున్నాయి. చూస్తే అచ్చం మాత్. డీఎన్ఏ వాటిని సీతాకోకచిలుకల కొమ్మ లోపలే కూర్చోబెట్టింది. చెవుల సంగతి ఇంకా బాగుంటుంది. గబ్బిలాల అరుపు వినడానికే మాత్‌లకి చెవులు పుట్టాయని అనుకునేవారు. ఈ చెట్టు ప్రకారం చాలా కొమ్మల్లో చెవులు విడివిడిగా పుట్టాయి, కొన్నింటిలో గబ్బిలాలు పుట్టకముందే. అయితే అప్పుడు ఆ మాత్‌లు దేన్ని విన్నాయి? పక్షి రెక్క చప్పుడో, ఆకుల మీద ఏదైనా కదిలే అలికిడో కావచ్చు. నన్నడిగితే ఈ రంగంలో ఇంతకంటే మంచి ప్రశ్న లేదు.

ప్రశ్న: పాత మ్యూజియం నమూనాల నుంచి డీఎన్ఏ వస్తుందా?

వస్తుంది, ముక్కలు ముక్కలుగా వస్తుంది. 658 అక్షరాలు ఒక్కసారిగా ఎత్తుకోవాలని చూడకండి. మధ్య ప్రైమర్లతో రెండు ముక్కలుగా తీసి అతికించండి. పాత నమూనాల పని పీసీఆర్ జరిగే గదిలో చేయొద్దు. ఆ గది గాలిలోనే కొత్త కాపీలు కోట్లు తిరుగుతుంటాయి, పాత కాలులోని కొద్దిపాటి డీఎన్ఏ వాటి ముందు నిలవదు.

ప్రశ్న: నమూనాలు విదేశీ ల్యాబుకి పంపించి చేయించుకోవచ్చా?

అనుమతి లేకుండా కుదరదు. 2002 జీవవైవిధ్య చట్టం ఉంది, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థకి ముందుగా దరఖాస్తు చేయాలి. రక్షిత అడవిలో పట్టాలంటే అటవీశాఖ కాగితం వేరే. ఒక్క జన్యువు పని అయితే బయటికి పంపాల్సిన అవసరమే లేదు, బెంగళూరులోనే సీక్వెన్సింగ్ చేసిపెట్టే చోట్లు చాలా ఉన్నాయి.

ప్రశ్న: నా దగ్గర ఆ జాతిది ఒక్క పురుగే ఉంది. జననాంగాలు కూడా చూడాలి, డీఎన్ఏ కూడా కావాలి. ఏది వదులుకోవాలి?

ఏదీ వదులుకోవద్దు. పొట్ట భాగాన్ని విరిచి, నలపకుండా, కోయకుండా అలాగే ప్రోటీనేజ్-కె కలిపిన లైసిస్ ద్రవంలో రాత్రంతా ఉంచండి. కండ కరిగి ద్రవంలోకి వస్తుంది, అందులోంచి డీఎన్ఏ తీసుకోండి. గట్టి భాగాలు చెక్కుచెదరవు. పొట్టని ఎలాగూ మెత్తబరచడానికి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసేవాళ్లు, ఆ పని ఇప్పుడు ఎంజైము చేసిపెట్టింది. దాన్ని నీళ్లతో కడిగి, మైక్రోస్కోపు కింద జననాంగాలు విడదీసి గ్లిజరిన్ ఉన్న చిన్న సీసాలో వేసి, ఆ సీసాని పురుగు సూదికే గుచ్చండి. సీసా మీద, సూది కింద చీటీ మీద, డీఎన్ఏ ట్యూబులో, మూడు చోట్లా ఒకే నంబరు.